"ఇన్వర్టర్ ఫ్రిజ్" అంటే కరెంటు పోయినా నడుస్తుందని చెప్పి అమ్మారు. షాపులో ఎవరి మాట నమ్మాలి?

నాగావళి గట్టు | శ్రీకాకుళం | శనివారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మా అమ్మ నరసన్నపేట దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. షుగర్ ఉంది, ఏడాదిగా ఇన్సులిన్ వేసుకుంటోంది. పాత ఫ్రిజ్ కంప్రెసర్ పోయింది. ఎండాకాలం మధ్యాహ్నం మా ఊళ్లో కరెంటు పోతే ఒక్కోసారి మూడు నాలుగు గంటలు రాదు. అందుకే కొత్తది కొనేటప్పుడు నేను అడిగిన మొదటి మాటే అది. "కరెంటు పోయినా మందు పాడవకూడదు, ఏది తీసుకోమంటారు?"

శ్రీకాకుళంలోనే ఒక పెద్ద షోరూం. అక్కడి కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఇన్వర్టర్ ఫ్రిజ్ తీసుకోండి సార్. లోపల ఇన్వర్టర్ ఉంటుంది, కరెంటు పోయినా నాలుగు గంటలు నడుస్తుంది" అన్నాడు. నాకు అనుమానం వచ్చి బ్యాటరీ ఎక్కడుంటుందని అడిగాను. "లోపలే సార్, కంపెనీ ఫిట్టింగ్" అన్నాడు. మామూలు దానికంటే ఆరు వేలు ఎక్కువ పెట్టి కొన్నాను.

మొన్న మంగళవారం కరెంటు పోయింది. దాంతోపాటే ఫ్రిజ్ కూడా ఆగింది. అమ్మ ఫోన్ చేసి "ఏటిరా, ఆగదన్నావు, లోపల లైటే ఎలగట్లేదు" అంది.

షాపుకి వెళ్లాను. అదే కుర్రాడు "అలా అని నేను అనలేదు సార్" అన్నాడు. మేనేజరు వచ్చి "ఇన్వర్టర్ అన్నది టెక్నాలజీ పేరండి, మీరే తప్పుగా అర్థం చేసుకున్నారు" అన్నాడు. ఆరు వేలు పోయినందుకంటే ఆ మాటకే ఎక్కువ బాధపడ్డాను. నేను అర్థం చేసుకోలేదా, రెండుసార్లు అడిగానే!

ఇప్పుడు ఈ ఫ్రిజ్‌ని ఏం చేయాలి? ఇంకో సంగతి, వచ్చే నెల ఇంట్లోకి ఏసీ, మేనల్లుడికి లాప్‌టాప్ కొనాలి. మళ్లీ ఆ షాపుల గుమ్మం ఎక్కాలంటేనే టెన్షన్‌గా ఉంది. మీరంతా వీళ్లతో ఎలా మాట్లాడతారో చెప్పండి.


బొబ్బిలి కోట | విజయనగరం జిల్లా | రాత్రి 9:34

ముందు ఇది చెప్పండి. అమ్మగారి మందు పాడైందా? ఇప్పుడు ఎక్కడ పెట్టారు?


పెద్దాసుపత్రి వార్డు | విజయనగరం | రాత్రి 9:58

నేను స్టాఫ్ నర్సుని. ఫ్రిజ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మందు.

ఇంకా తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా గాని పెన్ను గాని చాలా రకాల్లో సుమారు నాలుగు వారాలు బయట ఉన్నా ఫర్వాలేదు. కాని బయట అంటే 25 డిగ్రీలో 30 డిగ్రీలో దాటకూడదు, ఎంతన్నది ఆ డబ్బాలోని కాగితం మీద రాసి ఉంటుంది. మే నెలలో రేకుల ఇంట్లో అది కుదిరే పని కాదు.

కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటల దాకా లోపలి చల్లదనం నిలుస్తుంది. అమ్మగారికి ఆ ఒక్క మాట గట్టిగా చెప్పండి, వచ్చిందా లేదా అని తెరిచి చూడొద్దని. మందుని తలుపు అరలో పెట్టకండి, తీసినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే. ఫ్రీజర్ దగ్గర అసలు పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపిస్తుంది గాని పనిచేయదు, పారేయాలి. తేటగా ఉండాల్సిన రకం మసకగా కనిపించినా వాడకూడదు. అనుమానంగా ఉంటే సీసా పట్టుకుని మందుల షాపుకో డాక్టరు దగ్గరికో వెళ్లండి.

కొందరు మట్టికుండలో పెట్టమంటారు. రెండు కుండలు, మధ్యలో తడి ఇసుక. పొడిగాలి ఉన్నచోట అది బాగా పనిచేస్తుంది. మనది సముద్రపు గాలి, తేమ ఎక్కువ, కుండ అంత చల్లబడదు. మరీ దారి లేనప్పుడే దాని మీద ఆధారపడండి.


నాగావళి గట్టు | రాత్రి 10:11

చాలా థాంక్స్ మేడమ్. అమ్మ నాలుగైదుసార్లు తెరిచి చూసిందట. డాక్టరుగారిని అడిగి సీసా మార్చేశాం. తలుపు అరలోనే పెట్టింది, రేపు వెళ్లి మారుస్తాను.


చీపురుపల్లి వైరింగ్ | రాత్రి 10:40

అన్నా, పాతికేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, ఈ గందరగోళం వారానికి ఒకసారైనా వింటాను. ఫ్రిజ్ మీద, ఏసీ మీద రాసే "ఇన్వర్టర్"కీ, మన ఇంట్లో బ్యాటరీతో ఉండే ఇన్వర్టర్‌కీ పేరొక్కటే కలిసింది. పాత కంప్రెసర్ తిరిగితే పూర్తి స్పీడు, లేకపోతే ఆగడం. ఇన్వర్టర్ కంప్రెసర్ అవసరాన్ని బట్టి స్పీడు తగ్గించుకుంటుంది, పెంచుకుంటుంది. కరెంటు తక్కువ కాలుతుంది, చప్పుడు తక్కువ. అందులో బ్యాటరీ అనేదే ఉండదు. వచ్చే కరెంటు ఆగితే అదీ ఆగుతుంది.

అలాగని నీ ఆరు వేలు వృథా కాలేదు. ఈ రకం కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు పాతదానిలా ఒక్కసారిగా కరెంటు లాగదు. అందుకే ఇంటి ఇన్వర్టర్ మీద సులువుగా నడుస్తుంది. అమ్మగారికి ఒక ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టించెయ్.

లెక్క చూడు. ఫ్రిజ్ మీద స్టార్ల స్టికర్ ఉంటుంది, ఏడాదికి ఎన్ని యూనిట్లో అందులో రాస్తారు. అది 190 అనుకుందాం. రోజుకి అర యూనిట్ పైచిలుకు. అంటే సగటున పాతిక వాట్లు కూడా లాగదు. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు, ఎల్ఈడీ బల్బులు రెండు కలిపి 18. మొత్తం 120 వాట్లు వేసుకో, నాలుగు గంటలకి 480 వాట్ అవర్లు. పన్నెండు వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత నిల్వ చేస్తుందన్న కొలత) బ్యాటరీలో లెక్కకి 1800 ఉంటుంది. నష్టాలు తీసేసి, బ్యాటరీని అడుగంటా దించకుండా వాడినా మనకి కావాల్సిన 480 కంటే ఎక్కువే దొరుకుతుంది. హాయిగా సరిపోతుంది. 100 ఏహెచ్ కూడా చాలు గాని, బ్యాటరీ పాతబడే కొద్దీ బలం తగ్గుతుంది కాబట్టి 150 చెబుతున్నాను.

షాపులో రెండు మాటలు పట్టుకుని అడుగు. సైన్‌వేవా, స్క్వేర్‌వేవా? అంటే ఇన్వర్టర్ ఇచ్చే కరెంటు అల లైన్‌లో వచ్చేదానిలా నున్నగా ఉంటుందా, మెట్లుగా ఉంటుందా అని. సైన్‌వేవే కావాలి, రెండోదాని మీద ఫ్యాన్ గుయ్యిమంటుంది, ఫ్రిజ్‌కి మంచిది కాదు. ఇన్వర్టర్ మీద వీఏ ఎంత, వాట్లు ఎంత? 900 వీఏ అంటే 900 వాట్లు అనేస్తారు, అది తప్పు, వాట్లు దానికంటే తక్కువ ఉంటాయి. రెండూ డబ్బా మీదే రాసుంటాయి, చదివి చూపించమను.

"స్టెబిలైజర్ అక్కర్లేదు" అన్న మాటా అంతే. ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా అన్నది పుస్తకంలో ఉంటుంది. మనకి రావాల్సింది 230. చివరి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న ఊళ్లలో సాయంత్రం మోటార్లు వేసినప్పుడు ఎంత వస్తోందో మీటరు పెట్టి చూసుకుని అప్పుడు నమ్ము.


గంటస్తంభం | విజయనగరం | ఆదివారం ఉదయం 6:50

రాత్రి చదివి పడుకున్నాను గాని నిద్ర పట్టలేదు. నేను మూడేళ్లు ఆ కుర్రాడి ఉద్యోగమే చేశాను. ఇప్పుడు వేరే పని. లోపల ఏం జరుగుతుందో చెబుతాను.

షోరూంలో మీకు ఎదురొచ్చే వాళ్లలో చాలామంది ఆ షాపు మనుషులు కారు. టీషర్టు మీద ఏ కంపెనీ పేరుంటే ఆ కంపెనీ పెట్టిన ప్రమోటర్లు. జీతం కంపెనీ తరఫున వస్తుంది, నెలకి ఇన్ని అమ్మాలని టార్గెట్ ఉంటుంది, ఫలానా మోడల్ పోతే ఇంత అని ఇన్సెంటివ్ ఉంటుంది. అందుకే మీరు ఏ సమస్య చెప్పినా దానికి మందు వాళ్ల కంపెనీలోనే, ఆ నెల పోవాల్సిన మోడల్‌లోనే కనిపిస్తుంది.

నాకు ట్రైనింగ్ అని చెప్పి ఒక పూట కూర్చోబెట్టారు. బొమ్మలు చూపించారు. ఏ మాట అంటే కస్టమరు కొంటాడో చెప్పారు. ఆ మాటకి అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. "తెలీదు" అన్న మాట మాత్రం కస్టమరు ముందు అనకూడదని గట్టిగా చెప్పారు. తెలీదంటే కస్టమరు పక్క కౌంటర్‌కి పోతాడు. అందుకని తెలియనిదానికీ ఏదో ఒకటి చెప్పడం అలవాటైపోయింది. వారం పోయాక నేను చెప్పేది నిజమేనని నాకే అనిపించేది.

సిరిమాను పండగ ముందు ఒక మేష్టారు వచ్చారు. రిటైరయ్యారు, దాచుకున్న డబ్బుతో పెద్ద టీవీ కొందామని వచ్చారు. "మా కేబుల్ కూడా ఇంత బాగా కనిపిస్తుందా బాబూ?" అని అడిగారు. నేను "4కె టీవీ సార్, అన్నీ 4కె లోనే వస్తాయి" అన్నాను. షాపులో టీవీల మీద ఆడేది పెన్‌డ్రైవ్‌లో కంపెనీ ఇచ్చిన వీడియో. రంగులు, వెలుతురు పూర్తిగా పెంచి పెడతాం. ఇంట్లో వచ్చే కేబుల్ చానెల్‌కి ఆ నాణ్యతే లేనప్పుడు టీవీ దాన్ని సాగదీసి చూపిస్తుంది గాని లేని వివరం తేలేదు. నాలుగు రోజులకి ఆయన వచ్చి కోప్పడలేదు. "బొమ్మ అలికినట్టుంది బాబూ, కళ్లు పరీక్ష చేయించుకున్నాను, కళ్లు బాగానే ఉన్నాయన్నారు" అన్నారు. ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది.

అందుకని నా మాటగా చెబుతున్నాను. కుర్రాడితో మొదటే ఇలా అనండి. "బాబూ, తెలియకపోతే తెలీదని చెప్పు, నేనేమీ అనుకోను. నీ దగ్గరే కొంటాను. తెలిసినవాళ్లని ఒక్కసారి పిలు." ఇలా అన్నారంటే చాలామంది నిజమే చెబుతారు. నాతో ఆ మాట అన్నవాళ్లు మూడేళ్లలో ఇద్దరే ఇద్దరు. ఆ ఇద్దరి కోసం కంపెనీ ఇంజనీరుకి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాను.

రెండోది. ఏ మాట చెప్పినా "ఎక్కడ రాసి ఉంది, చూపించు" అనండి. డబ్బా మీదా, స్టికర్ మీదా, పుస్తకంలోనా? రాసి లేనిది లేనట్టే. టీవీ అయితే మీ ఫోన్‌లో మీరు రోజూ చూసే వీడియో గాని, వాళ్ల కేబుల్ లైన్ గాని పెట్టించి చూడండి. క్యూఎల్ఈడీ, ఓఎల్ఈడీ రెండూ ఒకటేనని ఎవరైనా అంటే అక్కడ ఆగండి. మొదటిది వెనక లైటు ఉండే ఎల్‌సీడీయే, రంగుల కోసం ఒక పొర ఎక్కువ. రెండోదానిలో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది. ధరలో తేడా అందుకే.


ఆమదాలవలస ప్యాసింజర్ | ఉదయం 8:15

ఇంత అవస్థ ఎందుకండి? ఆన్‌లైన్‌లో అన్ని వివరాలూ రాసి ఉంటాయి, చదువుకుని కొనుక్కుంటే సరిపోతుంది. షాపుకి వెళ్లి మరీ మోసపోవడం దేనికి? నేను ఆరేళ్లుగా షాపు గడప తొక్కలేదు.


బొబ్బిలి కోట | ఉదయం 8:41

మీకు చదవడం, పోల్చుకోవడం వచ్చు కాబట్టి సరిపోయింది. మా అత్తగారికి ఇంగ్లిష్ రాదు, స్పెసిఫికేషన్ల పేజీ ఆవిడకి ఏం పనికొస్తుంది? మనిషిని అడిగి తెలుసుకునే హక్కు ఆవిడకి లేదా? షాపు అనేది ఉన్నదే అందుకు. పైగా ఆన్‌లైన్‌లో కూడా ఇన్వర్టర్ ఫ్రిజ్ కింద "కరెంటు పోతే నడుస్తుందా?" అని ఎవరో అడిగితే "నడుస్తుంది" అని కొన్నవాళ్లెవరో జవాబు రాసిన పేజీలు నేను చూశాను.


ఆమదాలవలస ప్యాసింజర్ | ఉదయం 8:52

అదీ నిజమే. మా నాన్నగారి గీజరు నేను ఆన్‌లైన్‌లో కొనిస్తే, బిగించేవాడు రాక పదకొండు రోజులు హాల్లోనే ఉంది. ఒప్పుకుంటున్నాను.


బొబ్బిలి కోట | ఉదయం 10:05

ఏసీ కొంటానన్నారు కదా నాగావళి గారూ, నా అనుభవం రాస్తాను. కిందటేడు విజయనగరంలో ఒక షాపుకి వెళ్లాం. 1.5 టన్ను అంటే ఏమిటని మావారు ఊరికే అడిగారు. "ఏసీ బరువు సార్, అవుట్‌డోర్ యూనిట్‌తో కలిపి" అన్నాడు ఆ అబ్బాయి. ఒక టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో గదిలోంచి అంత వేడిని లాగే శక్తి అది. గంటకి 12,000 బీటీయూ. అది తెలియని మనిషి మా గదికి ఎన్ని టన్నులు కావాలో ఎలా చెబుతాడు? గది కొలతలు అడగలేదు, డాబా మీద గదా అని అడగలేదు, పడమటి గోడ ఉందా అని అడగలేదు. "అందరూ 1.5 తీసుకుంటున్నారు మేడమ్" అన్నాడు.

అంతకంటే పెద్ద తప్పు స్టార్ల దగ్గర జరిగింది. డిస్కౌంట్‌లో ఒక "5 స్టార్" చూపించాడు. స్టికర్ వంగి చదివితే అది పాత లేబుల్. బీఈఈ (ఈ స్టార్ల లేబుల్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్లు స్టార్ల కొలతని ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంటారు. 2022 జులైలో మార్చినప్పుడు అప్పటిదాకా 5 స్టార్ ఉన్నవి చాలావరకు 4కి దిగాయి. "5 స్టార్ అంటే ఎప్పటిదైనా 5 స్టారే కదా మేడమ్" అన్నాడు. కాదు. లేబుల్ ఏ కాలానిదో దాని మీదే ఉంటుంది. స్టార్లు లెక్కపెట్టడం మానేసి ఐసీర్ అంకె (కాలిన కరెంటుకి ఎంత చల్లబరుస్తుందో చెప్పేది, ఎక్కువుంటే మేలు), ఏడాదికి యూనిట్లు, ఈ రెండూ చూడండి. ఆ యూనిట్లు ఏడాదికి 1600 గంటలు వాడితే అన్న లెక్క మీద వేస్తారు. మీరు రాత్రి పూట నాలుగు నెలలు వేస్తారా, ఏడాదంతా వేస్తారా చూసుకుని తగ్గించుకోండి, పెంచుకోండి.

ఇంకో మాట, 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద, 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో 18 పడిందో లేదో చూసుకోండి.


కళింగపట్నం లైట్‌హౌస్ | ఉదయం 11:20

సముద్రం దగ్గర ఉండేవాళ్లు ఏసీలో ఉన్నది కాపర్ కాయిలా, అల్యూమినియమా అని తప్పకుండా అడగాలి. ఉప్పు గాలికి మా అవుట్‌డోర్ యూనిట్ రెక్కలు మూడేళ్లకి పొడిపొడిగా రాలాయి. కాపర్ అయినా రెక్కలు అల్యూమినియమే కాబట్టి వాటికి కోటింగ్ ఉందో లేదో కూడా అడగండి. యూనిట్‌ని సముద్రం వైపు గోడకి కాకుండా అవతలి గోడకి పెట్టించి, నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. షాపులో ఎవరూ ఇది చెప్పలేదు, మీరు ఉండేది ఎక్కడ అని కూడా అడగలేదు.


ఉద్దానం జీడితోట | సోంపేట వైపు | మధ్యాహ్నం 1:30

ఇది నేరుగా ఎలక్ట్రానిక్స్ షాపు సంగతి కాకపోయినా చెప్పి తీరాలి, ఎందుకంటే మా దగ్గర దీని వల్ల చాలామంది డబ్బు పోగొట్టుకున్నారు.

మా ఊళ్లలో కిడ్నీ జబ్బు సంగతి మీ అందరికీ తెలుసు. ప్రతి వీధిలో ఎవరో ఒకరు ఉన్నారు. దానికి అసలు కారణం ఏమిటో ఇప్పటికీ తేలలేదు. నీళ్ల మీద అందరికీ అనుమానం, భయం. ఆ భయాన్ని పట్టుకుని ఆర్వో మెషీన్లు అమ్ముతారు. ఒకాయన మా ఇంటికే వచ్చాడు. రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదాంట్లో మా బోరు నీళ్లు, రెండోదాంట్లో ఆర్వో నీళ్లు. ప్లగ్గు ఉన్న చిన్న పరికరం, దానికి లోహపు కడ్డీలు. స్విచ్ వేశాడు. నిమిషంలో మా నీళ్లు గోధుమ రంగుకి తిరిగి, మురికి తేలి, చూడలేనట్టు అయిపోయాయి. ఆర్వో నీళ్లు అలాగే తేటగా ఉన్నాయి. "ఇదేనమ్మా మీరు ఇన్నాళ్లూ తాగుతున్నది" అన్నాడు. మా అప్ప (అక్క) అక్కడే ఏడ్చేసింది. మా బావ డయాలసిస్ మీద ఉన్నాడు.

నేను డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. ఆ రంగు నీళ్లలోంచి వచ్చింది కాదు, కడ్డీలోంచి వచ్చింది. నీళ్లలో లవణాలు ఉంటే కరెంటు పారుతుంది. కరెంటు పారితే ఇనుప కడ్డీ కరిగి తుప్పు తేలుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, కరెంటు పారదు, కడ్డీ కరగదు, అంతే. నేను లోపలికి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి అతని ఆర్వో గ్లాసులో వేసి, మళ్లీ స్విచ్ వెయ్యమన్నాను. అదీ గోధుమ రంగుకి తిరిగింది. అతను నా కంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. అతనికి నిజంగా తెలీదు! ఇలా చేసి చూపించమని కంపెనీ నేర్పింది, చేస్తున్నాడు. ఇంటికి వెళ్లి వాళ్ల అమ్మకి కూడా ఇలాగే చూపించానని చెప్పాడు.

ఆర్వో ఎవరికీ వద్దని నేను అనడం లేదు. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా మంచిది. మీది 200, 300 ఉంటే టీడీఎస్ కోసమని ఆర్వో అక్కర్లేదు, పైగా పట్టిన నీళ్లలో చాలా భాగం బయటికి పారబోస్తుంది. తీరం వెంబడి ఉప్పు బోర్లకి అవసరమే. కాని టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, సూక్ష్మజీవులు ఉన్నాయో లేవో చెప్పదు. దానికి నీళ్లు ల్యాబ్‌కి ఇవ్వాలి. 2023 డిసెంబరులో హిరమండలం రిజర్వాయరు నీళ్ల పథకం ప్రారంభమైంది, ఆ నీళ్లు వచ్చే ఊళ్లలో అయితే మెషీన్ కొనే ముందు కుళాయి నీళ్లు పరీక్ష చేయించుకోండి.

తెలియక చెప్పే అబద్ధం చిన్నదని అనుకోకండి. మా అప్ప ఆ రోజు నుంచి, ఇన్నాళ్లూ తన భర్తకి తానే విషం పోశానని అనుకుంటూ ఉండేది. అది కాదని నమ్మించడానికి నాకు నెలలు పట్టింది.


పెద్దాసుపత్రి వార్డు | మధ్యాహ్నం 1:52

జీడితోట గారూ, మీ పోస్టు మా వార్డు గ్రూపులో పెట్టవచ్చా? పేరు లేకుండా పెడతాను. ఇదే ప్రదర్శన చూసి భయపడి వచ్చినవాళ్లు మా దగ్గరా ఉన్నారు.


ఉద్దానం జీడితోట | మధ్యాహ్నం 2:03

తప్పకుండా పెట్టండి అమ్మా.


రాజాం హాస్టల్ | మధ్యాహ్నం 3:15

మేనల్లుడి లాప్‌టాప్‌కి నేను చెబుతాను. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను.

"ఐ5 సార్" అంటే చాలదు, అది ప్రాసెసర్ పేరు, ఏ జనరేషనో అడగండి. ఆ పేరు మీదే ఆరేడేళ్ల నాటిదీ ఉంటుంది. "512 ర్యామ్" అని చెప్పేవాళ్లు ఉన్నారు, అది ర్యామ్ కాదు, స్టోరేజి. ర్యామ్ 16 ఉంటే మంచిది, 8 అయితే తర్వాత పెంచుకునే స్లాట్ ఉందా, లేక బోర్డుకే అతికించేశారా అని అడగాలి. స్టోరేజి ఎస్ఎస్‌డీయేనా? డబ్బు కట్టే ముందు ఆన్ చేయించి సెట్టింగ్స్‌లో ఇవన్నీ కళ్లతో చూడండి. వెయ్యి రూపాయల బంగారు పూత హెచ్‌డీఎంఐ కేబుల్ అంటగడితే వద్దనండి, రెండు మీటర్ల దూరానికి సరైన మామూలు కేబులు అదే బొమ్మ ఇస్తుంది.

ఫోన్ కొనేవాళ్లకి ఒక మాట. *#06# కొడితే ఐఎంఈఐ నంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వేసి 14422కి మెసేజ్ పెడితే ఏ కంపెనీ ఏ మోడలో చెబుతుంది.


కోర్టు వీధి | విజయనగరం | సాయంత్రం 5:30

"నోటితో అన్న మాటకి విలువేముంది" అని చాలామంది ఊరుకుంటారు. అది తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47)లో, వస్తువు గురించి నోటితో చెప్పినా, రాతలో చెప్పినా, తప్పుగా చెబితే అనుచిత వ్యాపార పద్ధతి కిందికే వస్తుంది. చిక్కంతా రుజువు దగ్గర. అందుకని కొనే ముందే షాపు నంబరుకి వాట్సాప్‌లో "ఈ మోడల్ కరెంటు పోయాక నాలుగు గంటలు నడుస్తుందని మీరు చెప్పారు, సరేనా?" అని పెట్టండి. "అవును" అని వస్తే అదే సాక్ష్యం. జవాబు రాకపోతే మీకు అప్పుడే విషయం తెలిసిపోతుంది.

ముందు 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చాలా వాటికి అక్కడే పరిష్కారం దొరుకుతుంది. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువు విలువ 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. సమస్య వచ్చిన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. బిల్లు మాత్రం పోగొట్టుకోవద్దు.

నాగావళి గారూ, మీ విషయంలో ముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి, ఈ మోడల్‌లో బ్యాటరీ ఉందా అని సూటిగా అడగండి.


నాగావళి గట్టు | తర్వాతి శనివారం రాత్రి 8:45

వారం రోజుల సంగతి రాస్తున్నాను.

కంపెనీకి మెయిల్ పెట్టాను. రెండో రోజే జవాబు వచ్చింది. ఈ మోడల్‌లో బ్యాటరీ లేదు, కరెంటు లేకపోతే పనిచేయదు, ఇంటి ఇన్వర్టర్‌కి కలుపుకోవచ్చు అని స్పష్టంగా రాశారు. దాన్ని ప్రింటు తీసి షాపుకి వెళ్లాను. ఈసారి మేనేజరుని కాదు, యజమానిని కలవాలని అడిగి గంట కూర్చున్నాను. ఆయన చదివారు. నేను అరవలేదు. మా అమ్మ, ఇన్సులిన్, నేను అడిగిన మాటలు, వచ్చిన జవాబులు, అన్నీ వరసగా చెప్పాను. 1915కి ఫిర్యాదు చేసిన నంబరు కూడా చూపించాను.

ఫ్రిజ్ వెనక్కి తీసుకోలేనన్నారు. కాని సైన్‌వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ బ్యాటరీ తన కొన్న ధరకే ఇస్తానని, బిగించే ఖర్చు తనదేనని ఒప్పుకున్నారు. ఫ్రిజ్ వెనక్కి తీసుకుంటే బాగుండేదని కొందరు అనవచ్చు. చీపురుపల్లి అన్న లెక్క చూశాక, ఇది వెనక్కిచ్చి మామూలు ఫ్రిజ్ తెచ్చుకోవడం కంటే ఇదే మేలనిపించింది. వీఏ, వాట్లు రెండూ నేనే చదివి చూసుకున్నాను.

బిగించేవాళ్లతో ఆ కుర్రాడు కూడా ఊరికి వచ్చాడు. యజమాని పంపారో, తనే వచ్చాడో తెలీదు. అమ్మ వాళ్లకి మజ్జిగ ఇచ్చింది. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి "సార్, నాకూ ఎవరూ చెప్పలేదు. ఇన్వర్టర్ అని రాసుంటే ఇన్వర్టరే అనుకున్నాను. మీ తర్వాత ఇంకో ముగ్గురికి అలాగే చెప్పి అమ్మాను" అన్నాడు. ఆ ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పమన్నాను. మేనేజరు ఒప్పుకోడేమో అన్నాడు. నేను యజమానికి మళ్లీ ఫోన్ చేసి ఆ ముగ్గురి సంగతి చెప్పాను. చూస్తానన్నారు. సోమవారం మళ్లీ అడుగుతాను.

గంటస్తంభం గారూ, లాప్‌టాప్ కోసం నిన్న వేరే షాపుకి వెళ్లి మీరు చెప్పిన మాటే అన్నాను, తెలియకపోతే తెలీదని చెప్పమని. ఆ అమ్మాయి ఒక నిమిషం ఆగి "స్లాట్ ఉందో లేదో నాకు తెలీదు సార్, అడిగి చెబుతాను" అంది. కంపెనీ వాళ్లకి ఫోన్ కలిపి స్లాట్ ఉందని కనుక్కుని చెప్పింది. అక్కడే కొన్నాం.


గంటస్తంభం | రాత్రి 9:02

ఆ ముగ్గురి సంగతి వదలకండి సార్. యజమాని చెయ్యకపోతే ఇక్కడ రాయండి, నేను వస్తాను. నాకు ఆ షాపుల్లో ఇంకా తెలిసినవాళ్లు ఉన్నారు.


చీపురుపల్లి వైరింగ్ | రాత్రి 9:10

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ మట్టం రెండు మూడు నెలలకోసారి చూడమను అన్నా. కుళాయి నీళ్లు, ఆర్వో నీళ్లు పొయ్యకూడదు. అమ్మగారికి వంగడం కష్టమైతే ఊళ్లో వైరింగ్ పని తెలిసిన కుర్రాడికి చెప్పి ఉంచు.


కళింగపట్నం లైట్‌హౌస్ | రాత్రి 9:25

జీడితోట గారూ, టీడీఎస్ మీటరు ఎవరిదైనా ఒక పూటకి దొరుకుతుందా? మా వీధిలో వచ్చే ఆదివారం ఆర్వో వాళ్లు అదే కడ్డీలతో వస్తున్నారని చెప్పారు.


ఉద్దానం జీడితోట | రాత్రి 9:31

నా దగ్గర ఉంది. ఆదివారం ఉదయం బస్సుకి నేనే తెస్తాను. మీరు ఉప్పు సిద్ధంగా పెట్టండి.